గూబ దూరిన ఇల్లు

ఎనభైల్లో మా టేకులపల్లికి వచ్చిన సర్కారు నర్సమ్మది ఒక్కటే ప్రశ్న. చెంగు నడుముకు దోపుకుని, సంచీతో వాకిట్లో నిలబడగానే అడిగేది: "ఈమధ్య గూబ ఎవరింట్ల దూరింది?"

మాకు ఒళ్లు జలదరించేది. గుడ్లగూబ దూరిన ఇంటిని ఆరునెలలు పాడుబెట్టాలి, మనుషులు మసలకూడదు. పురుడంటే మైలని ఎవరూ గది ఇవ్వని ఊళ్లో, కానుపులు చేయడానికి ఆమెకు దొరికేవి ఆ ఇళ్లే! సున్నం కొట్టించి, మంచం వేయించేది.

ఒకరోజు గూబ మా ఇంట్లోనే దూరింది. నిండు చూలాలైన అమ్మతో సహా అందరం పశువుల కొట్టంలోకి మారాం. అమ్మకు నొప్పులని కబురందగానే నర్సమ్మ పరుగున వచ్చింది.

"అవ్వా, తాళంచెవి జల్దీ ఇయ్యి!"

"గా ఇంట్లనా? అరిష్టం బిడ్డా!" అంది మా నాయనమ్మ.

"గూబ ఎప్పుడో పోయింది. కోడల్ని కొట్టంల కనమంటవా ఏంది?"

నాయనమ్మ కొంగుముడి విప్పి తాళంచెవి ఇచ్చింది. పొద్దు గూకకముందే తమ్ముడి ఏడుపుతో ఇల్లు దద్దరిల్లింది. మేం మళ్లీ కొట్టానికి పోలేదు.

నర్సమ్మ బదిలీ అయిపోయిన ఎన్నాళ్లకో, ఒక సాయంత్రం మా ఇంటి కప్పు మీద గూబ కూసింది. ఇరుగుపొరుగు హడలిపోయారు. నాయనమ్మ మాత్రం గబగబా పొయ్యి మీద నీళ్లు పెట్టింది.

"జల్దీ చూడున్రి, ఎవరికో నొప్పులొచ్చినట్టున్నయి!"