మూడో గోలు ఎవరిది

నా ఉద్యోగం తప్పులు పట్టడం. బ్యాంకు సాఫ్ట్‌వేర్ జనంలోకి వెళ్లేముందు అందులో ఎక్కడ ఏం తేడా ఉందో వెతికి బగ్గు అని రాసిపెడితే నాకు జీతమిస్తారు. ఇంటికొచ్చినా ఆ బుద్ధి వదలదని మా ఆవిడ గొడవ. శుభలేఖ చేతికిస్తే ముహూర్తం కన్నా ముందు అచ్చుతప్పులు చూసే మనిషిని, కాదనను.

ఈ పరాయి దేశంలో మేముండే సెంబవాంగ్‌లో, మా పై అంతస్తులో ఒక పెద్దాయన ఒంటరిగా ఉంటాడు. బ్లాకులో అందరికీ అంకులే. వాళ్లమ్మ ఇక్కడి తమిళావిడ, నాన్న ఇంగ్లండ్ మనిషి. రెండు ప్రపంచయుద్ధాల మధ్య అక్కడ ఒక చిన్న ఊరి ఫుట్‌బాల్ జట్టుకి ఫార్వర్డ్‌గా ఆడి, మోకాలు దెబ్బతిన్నాక ఇక్కడి నేవల్ బేస్‌లో స్టోర్సు చూసే పనికి వచ్చాడట. నాన్న గుర్తుగా అంకుల్ దగ్గర మిగిలింది ఒక తోలు బంతి, ఎండు కొబ్బరికాయలా ఉంటుంది. ఒకే ఆటలో మూడు గోల్సు కొట్టినవాడు ఆ బంతిని ఇంటికి తీసుకుపోవడం వాళ్ల ఆచారం.

కమ్యూనిటీ సెంటర్‌లో పాత వస్తువుల ప్రదర్శన పెడుతున్నారు. బంతి పక్కన పెట్టడానికి అంకుల్ తన తండ్రి ఆట గురించి ఒక పేజీ రాసి, ఓసారి చూసిపెట్టమని నాకు పంపాడు. కామాలూ ఫుల్‌స్టాపులూ చూడమని ఆయన ఉద్దేశం. నేను మాత్రం పాత ఇంగ్లిష్ పేపర్లు దొరికే సైట్లో దూరి మూడు రోజులు తవ్వాను. ఆ ఆటలో ఆయన కొట్టినవి రెండే. మూడోది అవతలి జట్టువాడి కాలికి తగిలి వాళ్ల గోల్లోకే పోయింది. సెల్ఫ్ గోల్.

అక్కడ ఆగితే సరిపోయేది. చేతికి అలవాటైన ఆఫీసు ఫారంలోనే మెయిల్ కొట్టేశాను. 'ఉండాల్సినవి: మూడు గోల్సు. ఉన్నవి: రెండు. తీవ్రత: ఎక్కువ.' పేపరు ముక్క జతచేసి, సరిదిద్దాక తెలియజేయగలరు అని కూడా రాశాను.

మా ఆవిడ అది చదివి నా వంక చూసింది.

"ఆయనకి వాళ్ల నాన్న తాలూకు ఆ ఒక్క బంతే ఉంది. దానికీ బగ్గు రాశారా?"

అప్పుడు తెలిసొచ్చింది నేనేం చేశానో. సిగ్గేసింది. అంకుల్ నుంచి జవాబు లేదు. లిఫ్టులో ఎదురుపడతాడేమోనని నాలుగు రోజులు తొమ్మిది అంతస్తులూ మెట్లెక్కాను. చివరికి ప్రదర్శన ముందురోజు మా ఆవిడ పులిహోర డబ్బా చేతిలో పెట్టి పైకి తోలింది.

తలుపు తీయగానే మొదలుపెట్టాను. పేపరువాళ్లూ పొరబడతారు, ఆ రోజు అక్కడ పొగమంచు కూడా ఎక్కువట, నా మెయిల్ మర్చిపొమ్మన్నాను. ఆయన కూర్చోమని సైగ చేశాడు. మూడో గోలు కొట్టకపోతే బంతి తమ ఇంటికెలా వచ్చిందని అడిగాడు. తెలియదన్నాను.

"ఎత్తుకొచ్చేశాడు" అన్నాడు. అని, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వడం మొదలుపెట్టాడు.

ఏడేళ్లప్పుడు అంకుల్ పక్కింటి పిల్లాడి గోలీ ఒకటి జేబులో వేసుకొచ్చాడట. తండ్రి బెల్టుతో బాది, అది వెనక్కిప్పించి, వీధిలో అందరి ముందూ తప్పు ఒప్పించాడట. ఇక తండ్రి గదిలోకొస్తే ఈయన లేచి బయటికి పోవడమే, ఆయన చనిపోయేదాకా అంతే. పేజీ తిరగరాశానని చూపించాడు. రెండు గోల్సు కొట్టాడు, బంతి తెచ్చేసుకున్నాడు అని ఉంది.

"ఆయన పోయి నలభై ఏళ్లు దాటింది" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ. "ఒక్క పూట ఆయన పక్కన కూర్చోవాలని ఇన్నాళ్లకి అనిపించింది."