ఒళ్లు మండుతుందన్న మాట

2013లో నేను లండన్ శివారు హౌన్స్‌లోలోని ఒక చిన్న ఆఫీసులో సొలిసిటర్‌గా పనిచేసేదాన్ని. క్రిమినల్ కేసులే ఎక్కువ. ఇక్కడ సొలిసిటర్ కేసు సిద్ధం చేస్తే, కోర్టులో నిలబడి వాదించేది బారిస్టర్. ఒక మధ్యాహ్నం శ్రీనివాస్ అనే అతను కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. అతని భార్య భాగ్యకు ముందు వారమే రెండేళ్ల జైలుశిక్ష పడింది. పాత లాయరు అప్పీలుకు ఆశ లేదన్నాడట. అంత శిక్ష పడిన విదేశీయులను విడుదలయ్యాక దేశం నుంచి పంపించేస్తారు. అతన్ని ఎక్కువగా భయపెడుతున్నది అదే.

భాగ్యది కరీంనగర్. హేస్‌లో విమానాలకు భోజనాలు వండే కిచెన్‌లో పనిచేసేది. ఒకరోజు సూపర్‌వైజర్ మీద మరుగుతున్న సూపు పడింది. చెయ్యీ ఛాతీ కాలిపోయాయి. కావాలనే పోసిందని అతను చెప్పాడు, తీర్పు చెప్పే పన్నెండుమంది పౌరుల జ్యూరీ నమ్మింది.

జైల్లో కలిసినప్పుడు భాగ్య నెమ్మదిగా చెప్పింది. "నేను పొయ్యలే మేడం. నా రెక్క పట్టి గుంజిండు. గిన్నె జారింది."

"మీరు ముందే బెదిరించారని ఎవరో చెప్పారట కదా?"

"బెదిరిచ్చుడు కాదు. ఆయన మాటలింటే ఒళ్లు మండుతది అన్న. గంతే."

ఆ మాట విన్నది నిత్య. ఇక్కడే పుట్టి పెరిగి, తెలుగు అరకొరగా వచ్చిన తెలుగువాళ్ల పిల్ల, సెలవుల్లో అదే కిచెన్‌లో పనికి చేరింది. 'అతని ఒళ్లు కాలుస్తానంది' అని పోలీసులకు చెప్పి, విచారణ నాటికి ఆస్ట్రేలియా వెళ్లిపోయింది. పోలీసులు ఒకసారి ఫోన్ చేసి, దొరకలేదని ఊరుకున్నారు. జడ్జి ఆమె వాంగ్మూలాన్ని చదివి వినిపించడానికి ఒప్పుకున్నారు. చదివిన కాగితాన్ని ఎవరు ప్రశ్నించగలరు?

జ్యూరీ సంగతి శ్రీనివాస్ చెప్పాడు. "అండ్ల ఒకాయనకు సూపర్‌వైజర్ ఎరుకే మేడం. ఇద్దరు ఒక్కకాడ పనిచేసిన్రట. ఆయనే లేచి జడ్జికి చెప్పిండు. అయినా కూసోబెట్టిన్రు."

కోర్టు రికార్డు తెప్పించి చూస్తే అది నిజమే. న్యాయంగా తేల్చగలవా అని జడ్జి అడిగారు, అతను తేల్చగలనన్నాడు. భాగ్య పాత లాయరు అభ్యంతరం చెల్లలేదు. పాపం, అతను నిజాయితీగా చెప్పాడు. కానీ కేసంతా భాగ్య మాట నమ్మాలా, సూపర్‌వైజర్ మాట నమ్మాలా అన్న దాని మీదే నడిచింది. వాళ్లలో ఒకరితో కలిసి పనిచేసినవాడు అక్కడ కూర్చోకూడదు.

ఈ రెండు కారణాలతో అప్పీలు వేశాం. ముందు 'లీవ్' రావాలి, అంటే అప్పీలు వింటామన్న అనుమతి. అది రావడానికీ, ముగ్గురు జడ్జీల ముందుకు వెళ్లడానికీ చలికాలమంతా గడిచిపోయింది. భాగ్య జైలు నుంచి వీడియోలో చూసింది. శిక్ష రద్దు చేసి, కొత్త జ్యూరీ ముందు మళ్లీ విచారించాలని, అంతవరకూ బెయిల్ ఇవ్వాలని తీర్పు వచ్చింది.

సంతోషంగా ఆమెకు చెప్పాను.

"అంటే నేను చెయ్యలేదని చెప్పిన్రా?"

"లేదు భాగ్యా. విచారణ సరిగా జరగలేదన్నారు. చేశారో లేదో మళ్లీ తేల్చాలి."

"మల్ల ఆయన ముంగట నిలబడాల్నా?" అందామె.

"నిలబడాలి."

"సరే తియ్. నిలబడ్త."

రెండో విచారణలో, ఆ కిచెన్‌తో గానీ సాక్షులతో గానీ జ్యూరీకి వచ్చినవాళ్లలో ఎవరికైనా పరిచయముందా అని జడ్జి మొదటే అడిగారు. ఒకామె చెయ్యెత్తితే పంపించేశారు. నిత్య ఈసారి ఆస్ట్రేలియా నుంచి వీడియోలో సాక్ష్యమిచ్చింది. ఒళ్లు మండుతుందన్న మాట ప్రతి తెలుగింట్లోనూ వినపడేదేనని మా బారిస్టర్‌కు ముందే చెప్పి ఉంచాను. ఆయన ఆ ధైర్యంతోనే అడిగాడు.

"మీకు గుర్తున్న తెలుగు మాటలేమిటి?"

"ఒళ్లు, మండటం. ఆ రెండే."

"ఎవరి ఒళ్లు?"

"చెప్పలేను. అతనిదే అనుకున్నాను."

"ఆ మాట మీ ఇంట్లో ఎప్పుడైనా విన్నారా?"

ఆ అమ్మాయి ఆలోచించింది. "అమ్మమ్మ అంటుంది. సీరియల్‌లో అత్తను చూసినప్పుడల్లా."

"అప్పుడు మీకేమర్థమవుతుంది?"

"కోపమొచ్చిందని. ఆ రోజు నాకు అలా తట్టలేదు. సారీ."

జ్యూరీ నిర్దోషి అంది. భాగ్య ఏడవలేదు. "ఇంక కోర్టుకు ఎవరు పిలువరు గద మేడం?" అని రెండుసార్లు అడిగింది. సూపర్‌వైజర్ చేతి మీది మచ్చలు నిజమైనవే. అతనూ తలవంచుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు కోర్టులో గెలిచినట్టు ఎవరూ లేరు.

అప్పీలు నెగ్గడమంటే నిర్దోషి అనిపించుకోవడం కాదని చదువుకునే రోజుల్లోనే తెలుసు. అది క్లయింటుకు ఎలా వినిపిస్తుందో మాత్రం భాగ్య దగ్గరే తెలిసింది. ఇప్పుడు అప్పీలు అడగడానికి వచ్చినవాళ్లకు, నెగ్గితే ఏమవుతుందో ముందు చెబుతాను. మళ్లీ అదే బోనెక్కాల్సి రావచ్చంటాను. కొందరు అది విని లేచి వెళ్లిపోతారు. వాళ్లను నేను తప్పుపట్టను.