మధ్యాహ్నం వంతు

సప్తాహంలో అన్నిటికన్నా కష్టమైన వంతు ఏదని అడిగితే మగవాళ్లందరూ తెల్లవారుజాము వంతే అంటారు. నేను ఒప్పుకోను. ఎండాకాలంలో భోజనాలయ్యాక ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా నడిచే వంతును మించింది లేదు. కడుపులో పప్పన్నం, నెత్తిమీద తాటాకు పందిరి, ఆకుల సందుల్లోంచి నేలమీద పడే ఎండ చుక్కలు, మధ్యలో అఖండ దీపం. ఆ దీపం చుట్టూ తిరుగుతూ రామనామం పాడుతుంటే కాసేపటికి పాట ఎక్కడో, కాళ్లెక్కడో తెలియదు. నడుస్తూనే కలగంటున్నట్టు ఉంటుంది. అందుకే తెలివిగా ఆ వంతును ఆడవాళ్లకు అంటగట్టారు. "ఆడవాళ్లకు వీలైన వేళ" అని దానికో పేరు కూడా పెట్టారు. ఆ వీలైన వేళలో మగవాళ్లు ఎక్కడ నీడ దొరికితే అక్కడ గుర్రు పెట్టేవారు.

నాకు మాత్రం ఆ వంతంటే భయం లేదు. అప్పటికి నేను కంటినిండా నిద్రపోయి ఐదు నెలలైంది.

ఇది అరవైల చివరి మాట. మా పుట్టిల్లు తెనాలి. మా నాన్న రైసుమిల్లులో గుమాస్తా, సాయంత్రమైతే నాటకాల వాళ్లకు డోలక్ వాయించేవాడు. రిహార్సళ్లకు నన్ను వెంటబెట్టుకుపోయేవాడు. నేను పక్కన కూర్చుని బియ్యం డబ్బా మూత మీద ఆయన చేతిని అనుకరించేదాన్ని. "ఆడపిల్లకి డోలక్కేంటండీ, రేపు ఎవడు చేసుకుంటాడు?" అని మా అమ్మ గోల. చేసుకునేవాడు చేసుకున్నాడు, డోలక్ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. మా ఆయనది బాపట్లలో తాలూకా ఆఫీసు ఉద్యోగం. ఇసక నేల, వెనకవైపు సరుగుడు చెట్లు, రెండు గదుల వాటా. అక్కడే నాకు కొడుకు పుట్టాడు.

వాడు మహా మొండి. ఎవరెత్తుకున్నా నిద్రపోయేవాడు కాదు. నేను ఒళ్లో బోర్లా వేసుకుని వీపు మీద జోకొట్టాలి. అదీ ఎలా పడితే అలా కాదు. నాన్న దగ్గర నేర్చిన ఒక నడక ఉంది. రెండు దెబ్బలు గట్టిగా, మూడోది మెత్తగా, నాలుగోది ఖాళీ. ఆ ఖాళీలో చెయ్యి గాల్లో ఉంటుంది. నాలుగోది కూడా కొట్టేస్తే కళ్లు తెరిచి నావంక కోపంగా చూసేవాడు. ఆ ఖాళీ కోసం ఎదురుచూస్తూ ఎదురుచూస్తూ నిద్రలోకి జారేవాడు.

కార్తీకంలో మూడు రోజుల జ్వరంతో పోయాడు. ఎనిమిది నెలలవాడు.

ఆ తర్వాత నా చెయ్యి ఆగలేదు. చాప మీద, గోడ మీద, చేటలో బియ్యం మీద, నా మోకాలి మీద అదే నడక. ఆపుదామనుకుంటే ఆగేది, మరుక్షణం నాకు తెలియకుండానే మొదలయ్యేది. కన్ను మాత్రం మూతపడేది కాదు. వాడు పడుకున్నాకే నేను పడుకోవాలి, ఎనిమిది నెలలు అలవాటైన పద్ధతి అది. ఇప్పుడు వాడు ఎప్పటికీ పడుకోడు. మా ఆయన చూసి చూసి తెనాలి తీసుకెళ్లి మా అమ్మ దగ్గర దిగబెట్టాడు. అక్కడి డాక్టరు మాత్రలిచ్చాడు. వాటితో మత్తు వచ్చేది కానీ నిద్ర రాలేదు. మత్తులో కూడా నా వేళ్లు ఆడుతూనే ఉన్నాయని అమ్మ ఏడ్చేది.

ఆ సమయంలో రేపల్లె నుంచి మా అత్తగారు వచ్చింది. సన్నగా, పొడుగ్గా, మాట కర్రతో కొట్టినట్టు ఉండే మనిషి. చావుకు వచ్చినప్పుడు కూడా ఆవిడ నా ఎదుట కంటతడి పెట్టలేదు. అది నేను మర్చిపోలేదు.

"పిల్లని నాతో పంపండి వదినగారూ, నేను చూసుకుంటా" అంది అమ్మతో.

నాకు వెళ్లాలని లేదు. అయినా రేపల్లె ప్యాసింజరు ఎక్కాను. పొగబండి ఊగుతుంటే నా వేళ్లు కిటికీ ఊచ మీద మొదలుపెట్టాయి. ఆవిడ ఒకసారి నా చేతి వంక చూసి, మళ్లీ బయట పొలాల వంక చూస్తూ కూర్చుంది. పిచ్చిదాన్ని తీసుకుపోతున్నానని సిగ్గుపడుతోంది కాబోలు అనుకున్నాను. ఒళ్లు మండింది.

రేపల్లెలో వాళ్ల ఇల్లు రామాలయం పక్క వీధిలో. పక్కింట్లో లూథరన్ బడిలో పనిచేసే టీచరుగారు ఉండేవారు. నాకన్నా పదేళ్లు పెద్ద. సాయంత్రం బడినుంచి వచ్చి మా అరుగు మీద పరీక్ష కాగితాలు దిద్దుకుంటూ కూర్చునేవారు. ఏమీ అడిగేవారు కాదు. నాకు ఆ ఊళ్లో నచ్చిన మొదటి మనిషి ఆవిడే.

చైత్రం వస్తుండగా భజన పెద్ద మా గుమ్మంలోకి వచ్చాడు. నవమికి ముగిసేలా గుళ్లో ఏటా జరిగే సప్తాహం గురించి మాట. మా అత్తగారు కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చి, "అన్నయ్యగారూ, ఈ ఏడు మా ఇంటి పేరున చెయ్యండి. మొక్కుకున్నాను" అంది.

"మంచిదే చెల్లెమ్మా. ఏం మొక్కు?"

"తీరేదాకా బయటపెట్టకూడదు కదండీ. తీరాక చెప్తా."

తలుపు వెనక నేను విన్నాను. ఏం మొక్కో నాకు అర్థమైపోయింది. వంశం నిలబెట్టడానికి ఇంకో మనవడు కావాలి. పోయినవాడి చొక్కాలు ఇంకా నా పెట్టెలో మడత విప్పకుండా ఉన్నాయి, అప్పుడే ఇంకొకడి కోసం దేవుడితో బేరం! ఆ పూట అన్నం విస్తట్లోనే వదిలేసి లేచాను. ఆవిడ ఎందుకని అడగలేదు. మజ్జిగన్నం కలిపి తెచ్చి నా పక్కన పెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు టీచరుగారితో అంటే, "అడక్కపోయావా అమ్మాయ్?" అన్నారు.

"నేనడగనండి. అడిగితే ఆవిడ నోట వినాలి కదా."

సప్తాహం మొదలైంది. దీపం వెలిగించిన క్షణం నుంచి ఏడో రోజు హారతి దాకా నామం తెగకూడదు, డోలక్ ఆగకూడదు. మూడు గంటలకొక వంతు, వంతుకొక జట్టు. కొల్లూరు లంకల నుంచి అరటాకులు బండి మీద దిగాయి. అడవులదీవి నుంచి పడవల మీద బతికేవాళ్ల జట్టు వచ్చింది. గాలికి ఎదురు పిలిచి పిలిచి అలవాటైన గొంతులు, పందిరి ఎగిరిపోయేట్టు పాడేవారు. వంతు మారేటప్పుడు కొత్త డోలక్ వచ్చి పాతదానితో చెయ్యి కలిపేది. కాసేపు రెండూ ఒకటిగా మోగాక పాతది మెల్లిగా తప్పుకునేది. ఎక్కడ ఒకటి ఆగిందో, ఎక్కడ ఇంకొకటి అందుకుందో చెవికి తెలిసేది కాదు.

మూడు రోజులు నేనూ ఆడవాళ్లతో కలిసి దీపం చుట్టూ తిరిగాను. నాలుగో రోజు మా వంతుకు డోలక్ వాయించే ముసలాయనకు వడదెబ్బ తగిలింది. ఒంటిగంటకు ఇంకా పది నిమిషాలుంది. పొద్దుటి జట్టు చేతులు నొప్పులు పుట్టి బిక్కమొహాలేసుకున్నారు. భజన పెద్ద కండువాతో మొహం తుడుచుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"మా కోడలు వాయించుద్ది" అంది మా అత్తగారు.

"ఆ అమ్మాయికి వచ్చా?"

"నెలన్నర నుంచీ వాయిస్తానే ఉందండి."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ నా పక్కకు వచ్చి గొంతు తగ్గించి, "చాప మీద నీ వేళ్లు ఆడేది నాకు వినపట్లేదనుకున్నావా? పో, కూర్చో" అంది. వినపడాలంటే ఆవిడ కూడా మేలుకునే ఉండాలి కదా అని ఆ క్షణాన నాకు తట్టలేదు. కోపంలో ఉన్నవాళ్లకు ఇలాంటివి తట్టవు.

మగవాళ్లయితే డోలక్ మెళ్లో వేసుకుని నడుస్తూ వాయిస్తారు. నాకు పందిరి గుంజ దగ్గర చాప వేశారు. డోలక్ తెచ్చి ఒళ్లో పెట్టారు. ఎనిమిది నెలల పిల్లాడంత బరువుంది.

పొద్దుటి జట్టు డోలక్‌తో చెయ్యి కలిపాను. కాసేపటికి అది తప్పుకుంది, నేనొక్కదాన్నే మిగిలాను. ఏం వాయించాలో ఆలోచించలేదు. రెండు గట్టిగా, ఒకటి మెత్తగా, ఒకటి ఖాళీ. నలభై మంది ఆడవాళ్లు నడక మార్చుకుని దానిలో పడ్డారు. మూడు దెబ్బలకు మూడడుగులు, ఖాళీ వచ్చినప్పుడు నలభై మంది పాదాలూ గాల్లో ఉన్నాయి. మళ్లీ దెబ్బ పడగానే అన్నీ ఒక్కసారి నేలకు దిగాయి.

అప్పుడు వాళ్ల మొహాలు చూశాను. ఎదురింటి పెద్దమ్మ, ఆకుకూరలమ్మే అవ్వ, మా అత్తగారు. ఒక్కొక్కరే నా ముందునుంచి కళ్లు సగం మూసుకుని వెళ్తున్నారు. ఆ ముసలివాళ్లలో ఒక పిల్లనో పిల్లాడినో మట్టిలో పెట్టని మనిషి దాదాపు లేదు. నాకు అంతకు ముందే తెలుసు, కానీ అది ఊళ్లో వాళ్ల సంగతిగా తెలుసు. మా అత్తగారికీ మా ఆయన కన్నా ముందు ఇద్దరు పుట్టి పోయారని పెళ్లిలో ఎవరో అన్నారు. అప్పుడు చెవిన వేసుకోలేదు. ఇప్పుడు ఆవిడ పాదం నా ఖాళీలో లేస్తుంటే గుర్తొచ్చింది. ఐదు నెలల్లో మొదటిసారి నా చెయ్యి ఎవరి కోసమో ఆడుతోందనిపించింది.

అయిదో రోజు కూడా నేనే కూర్చున్నాను. బయట ఎండకు కాకి కూడా అరవడంలేదు. తిరిగే చీరల రంగులు ఒకదాన్లో ఒకటి కలిసిపోతున్నాయి. రెండు గట్టిగా, ఒకటి మెత్తగా, ఒకటి ఖాళీ. ఆ ఖాళీ ఒక్కొక్కసారికీ కాస్త పొడుగవుతున్నట్టుంది. సముద్రం వైపు నుంచి మొదటి గాలి వచ్చి దీపాన్ని వంచడం చూశాను. నాకు గుర్తున్నది అంతే.

తర్వాత ఏం జరిగిందో చెప్పింది టీచరుగారు. ఆవిడ ఆ రోజు ఒంటిపూట బడి వదిలాక గుడి బయట గోడ పక్కన నిలబడి అంతా చూశారట.

డోలక్ ఆగిపోయింది. ముందు ఒకరిద్దరు తడబడ్డారు, తర్వాత తాళాలు ఆగాయి, తర్వాత నామం. పందిరంతా చప్పుడు లేదు. నేను డోలక్ మీదికి వంగి నిద్రపోతున్నాను. ఎవరో నన్ను లేపబోతే మా అత్తగారు అడ్డం వచ్చింది.

"ఎంత పని జరిగింది చెల్లెమ్మా!" అన్నాడు భజన పెద్ద. "అయిదు రోజుల నామం తెగింది. మళ్లీ మొదటి నుంచి దీపం పెట్టాలి. నీ మొక్కు ఏం కావాలి?"

"తీరింది అన్నయ్యగారూ" అందట ఆవిడ. "ఈ పిల్ల కంటికి కునుకు రావాలనే నేను మొక్కుకుంది. వచ్చింది. ఇప్పుడు దీన్ని ఎవరన్నా లేపారంటే నేనూరుకోను."

ఆవిడ నా ఒళ్లోంచి డోలక్ తీసి పక్కన పెట్టి, చాప మీద కూర్చుని, నా తల తన ఒళ్లోకి తీసుకుంది. నా వీపు మీద జోకొట్టడం మొదలుపెట్టింది. రెండు గట్టిగా, ఒకటి మెత్తగా, ఒకటి ఖాళీ. భజన పెద్ద కాసేపు చూసి, ఆ చేతివంకే చూస్తూ ఒక అడుగు వేశాడు. ఆయన వెనక ఆడవాళ్లు. నామం గొంతుల్లోనే, పైకి రాకుండా.

ఈ సంగతి మా అత్తగారు నాకు ఎన్నడూ చెప్పలేదు. డెబ్బైల్లో మా అమ్మాయి పుట్టాక బాపట్ల వచ్చి మాతో ఉన్నప్పుడు గుచ్చి గుచ్చి అడిగినా, "ఏమో, నాకేం గుర్తు" అనేసేది. నేను కళ్లారా చూసింది ఒక్క ముక్కే.

ఆరో రోజు తెల్లవారుతుండగా మెలకువ వచ్చింది. కాసేపు ఎక్కడున్నానో తెలియలేదు. పందిరి కన్నాల్లోంచి లేత వెలుతురు. దీపం ఇంకా వెలుగుతోంది. అడవులదీవి జట్టు దాని చుట్టూ తిరుగుతున్నారు. అంతంత గొంతులవాళ్లు గుసగుసగా పాడుతున్నారు. వాళ్ల మెళ్లలో డోలక్‌లు వేలాడుతున్నాయి, ఒక్కరి చెయ్యీ వాటి మీద లేదు. అందరి కళ్లూ నా వైపే ఉన్నాయి. కాదు, నా వీపు మీద ఆడుతున్న చేతి వైపు.

తల కొంచెం తిప్పి పైకి చూశాను. మా అత్తగారు గుంజకు తల ఆనించి, నోరు కొద్దిగా తెరుచుకుని, గాఢనిద్రలో ఉంది. చెయ్యి మాత్రం ఆగలేదు. రెండు గట్టిగా, ఒకటి మెత్తగా. నాలుగోదానికి ఆ చెయ్యి గాల్లోకి లేచింది. దానితోపాటే వాళ్లందరి పాదాలూ లేచాయి.

నేను కదిలితే ఆవిడ లేస్తుందని మళ్లీ కళ్లు మూసుకున్నాను.