విమానం రాని దిమ్మె

నరసరావుపేటలో మా స్టీలు సామాన్ల కొట్టుకి ఎదురుగా, సెంటర్ మధ్యలో, నిలువెత్తు సిమెంటు దిమ్మె ఒకటుంది. దాని మీద యుద్ధ విమానం ఉండాలి. ముక్కు మాచర్ల రోడ్డు వైపు, తోక మా కొట్టు వైపు పెట్టి, ఇప్పుడో ఇంకాసేపటికో లేచిపోయేలా ఉండాలి. ప్రస్తుతానికి దాని మీద పుట్టినరోజు ఫ్లెక్సీలు ఉంటున్నాయి. ఫ్లెక్సీ లేని రోజున సత్తెనపల్లి బస్సు కోసం నిలబడేవాళ్ళు దిమ్మెని ఆనుకుని సంచులు పెట్టుకుంటారు. కింద నల్లరాతి ఫలకం మీద ఎవరెవరు ఆవిష్కరించారో బంగారు రంగు అక్షరాల్లో ఉంది. ఏమి ఆవిష్కరించారన్నది చదివేవాళ్ళ ఊహకు వదిలేశారు.

ఆ దిమ్మెలో నా చెయ్యి కూడా ఉంది. తాపీమేస్త్రీ నడుం ఎత్తుకి చెప్పిన రేటుకే నిలువెత్తు కట్టించాను. నాకు చిన్నప్పటి నుంచీ అదే జబ్బు. మాది పాత సామాను తూకానికి వేసుకుని కొత్త సామాను ఇచ్చే వ్యాపారం. గల్లాపెట్టె పక్కన కూర్చుని పెరిగినవాణ్ణి. ఎదుటివాడు ధర చెప్పగానే నా ముఖం దానంతటదే నీరసంగా మారిపోతుంది. నా పెళ్ళిచూపుల్లో పిల్ల తండ్రి ముహూర్తం ఫలానా నెలలో అంటే కూడా, అలవాటు కొద్దీ, "ఇంకాస్త చూడండి" అన్నానట. మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది.

ఈ విమానం ఆలోచన మా వ్యాపారుల సంఘం ప్రెసిడెంటుది. ఆయనకి బట్టల కొట్టు. పక్క ఊరి సెంటర్లో యుద్ధ ట్యాంకు పెట్టారని ఎవరో చెప్పిన దగ్గర్నుంచి ఆయనకి అన్నం సహించలేదు. ఒకరోజు శుభలేఖ ఇవ్వడానికి మా అక్క ఇంటికి వెళ్ళి, ముందు గదిలో గోడకున్న ఫోటో చూశాడు. అందులో మా మేనల్లుడు. వాయుసేనలో యుద్ధ విమానం నడుపుతాడు. మా వీధిలో చాలామంది మాత్రం వాడు హైదరాబాదు విమానం నడుపుతాడనుకుని టికెట్ తగ్గించి ఇప్పించమని అడుగుతుంటారు. ఫోటోలో వాడు హెల్మెట్ చంకలో పెట్టుకుని, ఒక సన్నటి పాత విమానం ముందు నవ్వుతూ నిలబడ్డాడు.

ప్రెసిడెంటు సంఘం మీటింగులో ఆ ఫోటో ఫోనులో చూపించి, "ఇదే కావాలి మనకి. మన కుర్రోడు పక్కన నిలబడి ఫోటో దిగిన బండి. చూస్తేనే తెలుస్తంది, వాళ్ళకి పనికిరాక ఎక్కడో బొమ్మగా పెట్టుకున్నారు. అడిగితే ఊరికే ఇస్తారు" అన్నాడు. అందరం ఔనన్నాం. ఊరికే అన్న మాట వినబడితే నేను కాదనలేను.

ఆ తర్వాత మేనల్లుడు సెలవు మీద వచ్చాడు. నేనూ ప్రెసిడెంటూ స్వీటు పొట్లంతో అక్క ఇంటికి వెళ్ళాం. అక్క చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. బావ పేపరు చదువుతున్నాడు. బావ తక్కువ మాట్లాడే మనిషి. ఇక్కడ కూడా ఆయన మాట్లాడడు.

"ఏం అల్లుడూ, ఆ ఫోటో ఏ మ్యూజియంలో దిగావు?" అన్నాను.

"మ్యూజియమేంది మామా? అప్పుడే ల్యాండయ్యి దిగి, తీయించుకున్నా."

"దీంట్లో నుంచా?" అన్నాడు ప్రెసిడెంటు.

"దీంట్లోనుంచే బాబాయ్. రోజూ తోలేది ఇదే."

అక్క చిక్కుడుకాయ కింద పెట్టింది.

"ఇది ఎప్పటిదిరా?" అంది.

"నే తోలేదైతే నే పుట్టకముందుది. ఆ డిజైనైతే నువ్వు పుట్టకముందుది." వాడు నవ్వుతూనే చెప్పాడు.

"చానా మంచి విమానం ఇచ్చారన్నావు గదరా నాతోటి?"

"మంచిదే అమ్మా. రాడారు మార్చారు, స్క్రీన్లు కొత్తవి పెట్టారు. అంతా అప్‌గ్రేడ్ చేశారు."

"అంటే మాటేశారు" అంది అక్క.

నాకు నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. అక్క కూడా నాలాగే ఆ కొట్టులో పెరిగిన మనిషి. చిల్లుకి మాటేసిన బిందె ఎలా ఉంటుందో మా ఇద్దరికీ తెలుసు. మాటేసిన చోట గట్టిగానే ఉంటుంది. నీళ్ళు ఆ పక్కన కారతాయి.

ప్రెసిడెంటు ముఖం మాత్రం వెలిగిపోయింది. "అయితే ఇంకేందమ్మా! ఇంత పాతదంటే ఇయ్యాలో రేపో తీసేస్తారు. ఈలోపు దిమ్మె కట్టేద్దాం" అన్నాడు. కట్టేశాం. ఫలకం కూడా వేయించేశాం. పేర్లు ఎక్కాల్సినవాళ్ళు ఆగలేదు మరి.

అర్జీ పట్టుకుని నేనూ ప్రెసిడెంటూ వాయుసేన ఆఫీసుకి వెళ్ళాం. అక్కడి ఆఫీసరు తెలుగాయనే. మర్యాదగా కూర్చోబెట్టి, చదివి, మా ఇద్దరినీ మార్చిమార్చి చూశాడు.

"మీరడిగిన రకం ఇంకా డ్యూటీలో ఉందండి."

"ఎగరకపోయినా పర్లేదు సార్" అన్నాను, నా నీరసం ముఖం పెట్టి. "ఇంజను మీరే తీసేసుకోండి. లోపల సామాను కూడా మాకొద్దు. ఉత్త డొక్కు చాలు. కాకపోతే చేరవేసేది మీరే చేరవెయ్యాల."

"ఆ సామానే మాకూ కావాలండి" అన్నాడాయన. "అది రిటైరయ్యాక కనబడండి. వరసలో మీకన్నా ముందు చాలా ఊళ్ళున్నాయి."

అంటే దేశంలో ఎన్నో ఊళ్ళు దిమ్మెలు కట్టుకుని కూర్చున్నాయి. ఆ దిమ్మెల మీదకి ఎక్కాల్సినవి మాత్రం ఇంకా సరిహద్దు కాస్తున్నాయి.

ఈ సంగతి నేను కొట్టులో జోకుగా చెప్పాను. అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. ఆ రోజు నుంచి పొద్దున పాలపాకెట్లు తీసుకుని వెళ్ళేటప్పుడు కొట్టు ముందు ఆగడం మొదలుపెట్టింది.

"ఏరా, వచ్చిందా?"

"ఏంది?"

"విమానం."

"రాలేదక్కా. వస్తే కనబడదా ఏంది, చెంబు కాదు గదా."

"మళ్ళీ కాయితం పెట్టు."

ఊళ్ళో వాళ్ళు అక్కకి దేశభక్తి ఎక్కువనుకున్నారు. ప్రెసిడెంటు ఆమెని సంఘం గౌరవ సభ్యురాలిగా కూడా వేశాడు. నాకు అర్థం కావడానికి కొంత కాలం పట్టింది. ఆ విమానం దిమ్మె ఎక్కితే, వాడు దాంట్లోంచి దిగినట్టే. ఆమె అడుగుతున్నది అదొక్కటే.

"కొత్తవి కొనరా ఏందిరా?" అని ఒకసారి వాణ్ణే ఫోనులో నిలదీశాను. స్పీకరు పెట్టాను. అక్క పక్కనే ఉంది.

"కొంటారు మామా. ముందు ఏం కావాలో రాసుకుంటారు. కంపెనీల్ని పిలుస్తారు. ఎండలో, చలిలో, కొండల మీద ఎగరేసి చూస్తారు. అప్పుడు రేటు మాట్లాడతారు."

"రేటు దగ్గర?"

"రేటు దగ్గర ఆగుద్ది. ఈలోపు ఇక్కడే తయారుచేద్దాం అంటారు. డొక్కు ఇక్కడ తయారవుద్ది, ఇంజను బయటినుంచి రావాల. అది రాదు. ఈలోపు కొన్ని మాత్రం కొంటారు. మిగతావాటికి మళ్ళీ ఏం కావాలో రాసుకుంటారు."

అది నేనే. ముమ్మూర్తులా నేనే. ఇంట్లో ఫ్రిజ్ కొనడానికి నేను చేసింది ఇదే. ఊళ్ళో ప్రతి షాపూ తిరిగాను. తలుపు తీసి వేసి, తీసి వేసి చూశాను. ధర చెప్పగానే నీరసపడి మెట్లు దిగాను, వెనక నుంచి పిలుస్తారని. పిలిస్తే ఇంకో మెట్టు దిగాను. దసరా ఆఫరు చూసి ఉగాది ఆఫరు ఇంకా బాగుంటుందనుకున్నాను. ఈలోపు మోడలు పోయి ఇంకో మోడలొచ్చింది. మళ్ళీ మొదటి నుంచి బేరం. అన్నాళ్ళూ మా ఆవిడ పాలగిన్నె పక్కింట్లో పెట్టి తెచ్చుకుంది. నేను మాత్రం అరుగు మీద కూర్చుని, నన్నెవడూ మోసం చెయ్యలేడని చెప్పుకున్నాను. నిజమే, ఎవరూ చెయ్యలేదు. వేసవి మటుకు వచ్చి పోయింది, పెరుగు పులిసిపోయింది.

కొనేవాళ్ళకీ నాకూ ఒకటే తేడా. నా బేరం సాగుతుంటే పులిసింది పెరుగు. వాళ్ళ బేరం సాగుతుంటే ఆ పాతదాంట్లో కూర్చుని పైకి పోతున్నది మా అక్క కొడుకు. అయినా నాకు వాళ్ళ మీద కోపం తెచ్చుకోవడానికి సిగ్గేసింది. అంత పెద్ద సామాను నాకు అప్పజెపితే వాళ్ళకంటే ఆలస్యం చేసేవాణ్ణి. టీవీలో చర్చకి వచ్చేవాళ్ళు మాత్రం ఏ సిగ్గూ పడలేదు. ఒకాయన మా ప్రభుత్వంలో మొదలుపెట్టామన్నాడు. ఇంకొకాయన మా ప్రభుత్వంలో ఆపి సరిచేశామన్నాడు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు వేలు పెట్టి చూపించుకున్నారు. ఇద్దరి చేతికీ మంచి గడియారాలున్నాయి.

ఒక మధ్యాహ్నం నేను అన్నం క్యారియర్ విప్పుతుంటే, కొట్టులో టీవీ అడుగున ఎర్రగా అక్షరాలు పరిగెత్తాయి. ఉత్తరాదిన ఎక్కడో యుద్ధ విమానం కూలింది. ఏ రకమో రాయలేదు. పైలట్ సంగతి రాయలేదు. నేను మేనల్లుడికి ఫోన్ చేశాను. స్విచ్ఛాఫ్. డ్యూటీలో ఉంటే మామూలే. ఆ మామూలు సంగతి నాకు గుర్తురాలేదు.

అక్క ఇంటికి పరిగెత్తుదామని షట్టరు దగ్గరికొచ్చేసరికి, ఆమె ఎదురుగా దిమ్మె నీడలో నిలబడి ఉంది. చెప్పులు లేవు. చేతిలో ఫోను.

"ఎత్తట్లేదురా" అంది.

"డ్యూటీలో ఉంటాడక్కా."

"నువ్వు చేశావా?"

"చేశాను."

"ఎత్తలేదా?"

"లేదు."

సత్తెనపల్లి బస్సు వచ్చింది, పోయింది. ఒకామె సంచి జరపమంటే అక్క జరిపింది, అది ఆమె సంచి కాకపోయినా. ప్రెసిడెంటు తన కొట్టులో నుంచి కుర్చీ తెప్పించి వేశాడు. అక్క కూర్చోలేదు. దిమ్మెకి వీపు ఆనించి, ఫలకం మీద పేర్లు కనబడకుండా నిలబడింది. ఆ పేర్లవాళ్ళలో ఎవరూ ఆ వేళ దాన్నొక లోటనుకోలేదు.

పొద్దు వాలుతుండగా ఫోను మోగింది.

"అమ్మా, నేను బాగున్నా. మాది కాదు. దాన్ని నడిపినాయన దూకేశాడు, బతికే ఉన్నాడు. అన్నం తిన్నావా?"

అక్క తిన్నానంది. ఫోను నాకిచ్చి, కుర్చీలో కూర్చుని, తన చెప్పులు ఏవని ప్రెసిడెంటుని అడిగింది, ఆయన దాచినట్టు.

ఆ తర్వాత అక్క పొద్దుటి పూట రాకుండా ఉన్న రోజు లేదు. ఆఖరికి ఆ పాత రకానికి నిజంగానే సెలవిచ్చారు. టీవీలో చూపించారు. వరసగా నిలబెట్టి, నీళ్ళు చల్లి, సెల్యూట్ కొట్టి పంపారు. వాటిని నడిపి నడిపి ముసలివాళ్ళయిన ఆఫీసర్లు కళ్ళు తుడుచుకున్నారు. అక్క కూడా చూసింది. ఆమె కళ్ళు తుడుచుకోలేదు. లేచి వెళ్ళి పాయసం పెట్టింది. నా జన్మలో ఒక యంత్రం రిటైరయినందుకు పాయసం తినడం అదే మొదలు.

ప్రెసిడెంటు దిమ్మెకి సున్నం వేయించాడు. ఆఫీసుకి ఫోన్ చేశాం. వరస ముందుకు కదలలేదు సరికదా, మాకంటే గట్టి సిఫార్సులున్న ఊళ్ళు మధ్యలో దూరాయట. దిమ్మె తెల్లగా, ఖాళీగా మిగిలింది. మర్నాడే దాని మీదకి ఫ్లెక్సీ ఎక్కింది.

అక్కకి అదేమీ పట్టలేదు. మేనల్లుడు సెలవు మీద వచ్చి ఇంట్లో ఉన్నాడు. వాడి పాత విమానం పోయింది, కొత్తది రాలేదు. పొద్దున లేచి ఏం చెయ్యాలో తెలియక, మా కొట్టుకొచ్చి బిందెలు వరసగా సర్దేవాడు. ఒక్కొక్కదాన్నీ తట్టి, చెవి పెట్టి వినేవాడు.

"నీకు బెంగగా ఉందా ఏందిరా?" అన్నాను.

"మంచి బండి మామా అది. మీకెవరికీ తెలవదు."

నేను వెటకారమాడబోయి, ఇంకో బిందె వాడి చేతికిచ్చాను.

వాడికి కొత్త పోస్టింగ్ వచ్చిన రోజున అక్క వాడికి అన్నం కలిపి పెడుతోంది. ఇంత పెద్దవాడికి కలిపి పెట్టేదేందని నేను ఎగతాళి చేస్తున్నాను. వాడు ఫోను చూసి, "వచ్చిందమ్మా. వేరే రకం మీద ట్రైనింగు" అన్నాడు.

"కొత్తదేనా?"

"కొత్తది కాదు. దానికన్నా కొత్తది."

"అంటే?"

"వయసు దానికన్నా తక్కువేలే అమ్మా. కొత్తవి వచ్చేదాకా ఇది నడపాల. మొన్ననే అప్‌గ్రేడ్ చేశారు దీన్ని."

అక్క చేతిలో ముద్ద అలాగే ఉంది. వాడి ముఖం చూసింది. ఎన్నాళ్ళ తర్వాతో అది వెలుగుతోంది. ముద్ద వాడి నోట్లో పెట్టి, నా వైపు తిరిగింది.

"ఒరేయ్. దిమ్మె ఖాళీగానే ఉంది గదా?"

"ఉంది."

"ఈ రకానికి కూడా కాయితం పెట్టు. ఇప్పుడే పెట్టు, వరసలో ముందుంటాం."

సాయంత్రం కొట్టులో కూర్చుని అర్జీ రాశాను. ఇంజనుతో ఇచ్చినా, ఉత్త డొక్కు ఇచ్చినా తీసుకుంటామన్నాను. చేరవేసే ఖర్చు కూడా మేమే పెట్టుకుంటామని రాసి, ప్రెసిడెంటుని అడక్కుండానే సంతకం పెట్టాను.