సుక్రి వేసిన బెరడు

అరకు సంతలో కల్లుకుండల వరస దగ్గరికి శుక్రవారం అందరికంటే ముందు వచ్చేవాడు కిల్లో బుద్రు. చంకలో సొరబుర్ర, చెవి మీద సగం కాల్చిన చుట్ట. ప్రతి కుండలోంచీ గుక్కెడు జీలుగుకల్లు అడిగి, నాలుక మీద తిప్పి, "ఇది కాదు" అంటూ పక్క కుండకి జరిగేవాడు. ఊరికే తాగడానికి ఇదో ఎత్తు అని అమ్మేవాళ్లు నవ్వేవారు. ఎవరైనా వైన్‌షాపు బీరు పోస్తే ముట్టేవాడు కాదు. అతని ఇంట్లో చెట్టెక్కి కల్లు దించడం అతని పని, పులియడానికి బెరడు వేయడం భార్య సుక్రి పని. అది ఏ చెట్టు బెరడో కూతురు సోనికి తప్ప ఎవరికీ చెప్పకుండానే ఆమె చనిపోయింది. వేరే తెగవాణ్ణి చేసుకుందని సోనిని తల్లి శవాన్ని కూడా చూడనివ్వలేదు బుద్రు.

ఆరేళ్లకి ఓ శుక్రవారం, చివరి కుండ దగ్గర గుక్కెడు నాలుక మీద తిప్పి, ఇంకో గుక్క అడిగాడు. "ఎవులు కలిపారిది?" అన్నాడు.

"మా కోడలు, బావూ. సంతకి రమ్మంటే రాదు. ఆల్ల అయ్య ఇక్కడే తిరుగుతాడట, సూస్తే తిడతాడని బయం" అంది ఆ వారమే కొత్తగా కుండ పెట్టిన ముసలామె.

బుర్ర నిండా పోయించుకున్నాడు. పోయినవాళ్ల పేరు చెప్పి నేల మీద రెండు చుక్కలు వొంపడం ఆనవాయితీ. బుద్రు సుక్రికి బుర్రంతా వొంపేశాడు. "ఆడింక రాడని సెప్పు కోడలికి."

పై శుక్రవారం ఆ కుండ దగ్గర సోని కూర్చుంది. ఎవరికి కల్లు పోస్తున్నా తలెత్తి దారికేసి చూస్తోంది. బుద్రు మాట తప్పలేదు.