మార్కులు వేసి పెట్టిన పిండి మర

ఆళ్లగడ్డలో మా నాయన పెట్టిన పిండి మర రెండు నెలలు ఈగలు తోలుకుంది. తప్పు కరెంటుది కాదు, యంత్రానిది కాదు. నాది. నేను చేసిన తెలివితక్కువ పనుల్లో ఇంత పద్ధతిగా చేసింది మరొకటి లేదు కనుక వివరంగానే చెబుతాను.

డెబ్బైల చివర్లో నేను నంద్యాలలో బీకాం చదువుతున్నాను. వ్యాపారానికి స్థలం ఎంచుకునే పద్ధతి ఒకటి మాకు పాఠంగా చెప్పారు. కావలసిన వసతులన్నీ పట్టికగా రాయాలి. ముఖ్యమైనదానికి ఎక్కువ మార్కులు పెట్టాలి. ప్రతి స్థలానికీ మార్కులు వేసి కూడాలి. ఎక్కువ వచ్చినది గెలిచినట్టు. ఇంత సులువైన ఉపాయం ఉండగా జనం ఎందుకు దివాలా తీస్తున్నారో నాకు అర్థం కాలేదు.

సెలవులకు ఇంటికి వచ్చేసరికి నాయన చేను అమ్మి మర కొన్నాడు. అది ఆడితేనే మాకు తిండి. ఆయన మనసు గాజులవాళ్ళ సందులోని పాత కొట్టం మీద ఉంది. నేను బస్టాండు ఎదుటి గది కావాలన్నాను.

"సందులో ఆడోళ్ళు వస్తారు పాపా."

"వస్తారంటే సరిపోతాదా నాయనా? లెక్క యాడ?"

"పిండి కావాల్సినోళ్ళు రాక యాడికి పోతారు?"

"ఇట్లా అనుకునే అందరూ మునిగిపోతాండేది!"

మరునాడు నోటు పుస్తకం పట్టుకుని బస్టాండు బెంచీ మీద కూర్చుని వచ్చేపోయే జనాన్ని లెక్కపెట్టాను. ఒకే కండక్టరు మూడుసార్లు కనిపిస్తే మూడుసార్లూ వేసుకున్నాను. మేకను కూడా కలిపానని గిట్టనివాళ్ళు అంటారు, నమ్మకండి. రోడ్డు, కరెంటు స్తంభం, జనం, దగ్గర్లో వేరే మర లేకపోవడం, అన్నీ కూడితే బస్టాండుకు తొంభై ఒకటి. సందుకు నలభై మూడు. నాయన ఆ కాగితాన్ని జాతకం చూసినట్టు చూశాడు.

"ఇంగ్లీషులో రాసినావంటే నిజమే అయ్యుంటాదిలే," అన్నాడు.

మర తెరిచాం. జనం వచ్చారు, కాదనను.

"అన్నా, నంద్యాల బస్సు పోయిందా?"

"అవుకు పోయే బస్సు యాడ నిలబడ్తాది?"

జవాబులు చెప్పి చెప్పి నాయన గొంతు ఆడింది, మర ఆడలేదు. ఒకే ఒక్కడు ఎండుమిరపకాయలు తెచ్చాడు. గాలి పక్క హోటలు వైపు తిరిగింది. బస్టాండంతా పెళ్ళి మేళంలా తుమ్మింది. హోటలాయన ముక్కు మూసుకుని వచ్చాడు.

"ఏందప్పా ఇది! నా కాడికొచ్చినోళ్ళు టీ తాగల్లా, తుమ్మల్లా?"

"గాలి మా మాట ఇంటాదా?" అని నేను ఎదురు తిరిగాను. వాదనలో నేనే గెలిచాను. మిరపకాయలవాడు మాత్రం మళ్ళీ రాలేదు.

చేను పోయింది, మర ఆడలేదు. నాయన సగం అన్నం కంచంలోనే వదిలేసి లేస్తున్నాడు. ఇక లాభం లేదని ఊరి చివర ఉన్న వేరేవాళ్ళ పాత మర దగ్గరికి వెళ్ళాను. ఆడవాళ్ళు అరుగు నిండా గంపలతో కూర్చున్నారు. గాజులమ్మే ఖాసింబీని నిలదీశాను.

"మా మర కొత్తది, పిండి మెత్తగా పడ్తాది. ఎందుకు రారు?"

"నీ మర బంగారమే తల్లీ. ఎదురుగా బీడీలు తాగే మొగోళ్ళు. మూతికీ ముక్కుకూ పిండి పూసుకొని ఆడ నిలబడల్లంటావా? ఈడైతే అరుగు మీద కూచొని నాలుగు మాటలు మాట్లాడుకుంటాం."

"రోడ్డు మొగోళ్ళ సొత్తా? మీరు దైర్నంగా నిలబడల్ల!" కాలేజీ వక్తృత్వ పోటీలో బహుమతి తెచ్చిన గొంతుతో అన్నాను. మొదలుపెడితే అరగంట మాట్లాడగలను. కానీ అరుగు చివర కొంగు కప్పిన గంప ఒకటి, దాని వెనక మా అమ్మ కనిపించింది.

"నువ్వేందమ్మా ఈడ?"

"జొన్నలు పట్టించేకి."

"మన మర ఉంది కదా!"

"ఉంటే? ఆ మొగోళ్ళ ముందర నేను నిలబడేదాన్ని కాదు."

"నువ్వే ఇట్లంటే ఎట్లా?"

"నువ్వు నిలబడినావా?" అమ్మ అరుగంతా వినేలా అడిగింది. "హోటలు ముందర నడిచేకి సిగ్గయి, దినామూ దొడ్డి వాకిలి నుంచి కదమ్మే మరలోకి దూరతాండావు!"

పట్టికలో ఆ వరుస నేను వేయలేదు.

వారంలో మర ఎద్దుల బండెక్కి గాజులవాళ్ళ సందుకు చేరింది. నాయన ముందు అరుగు కట్టించి, తర్వాత యంత్రం బిగించాడు. చీకటి పడేదాకా ఆడింది.

ఇక జన్మలో ఏ వ్యాపారానికీ స్థలం చూడనని ఆ రోజే జొన్నపిండి గుప్పెట పట్టి ప్రమాణం చేశాను. ఇప్పటిదాకా తప్పలేదు. చూసిపెట్టమని నన్ను మళ్ళీ ఎవరూ అడగనూ లేదు.