ఆగస్టులో పచ్చబడ్డ బావి

దయ్యాలు, గాలి సోకడాలు, చేతబడులు నేను నమ్మేవాణ్ని కాదు. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా మా అవ్వ మిరపకాయలతో దిష్టి తీసేది. నేను ఆ ఘాటుకు దగ్గుకుంటూ, నవ్వుకుంటూ డాక్టరు దగ్గరికి పోయేవాణ్ని. పైగా పదిహేనేళ్లు నౌకాదళంలో చేసి వచ్చినవాణ్ని. అక్కడ గాలి ఎటు వీస్తోంది, నీళ్లు ఎంత లోతున్నాయి అన్నవే లెక్క. కాబట్టి కింద రాసింది పిరికివాడి కథ అనుకోకండి. పిరికితనం ఇందులో ఉంది. అయితే అది దయ్యాల దగ్గర చూపించింది కాదు.

మాది మెట్‌పల్లి దగ్గర ఒక ఊరు. పసుపు, మక్క పండిస్తాం. అరవై తొమ్మిదిలో కరీంనగర్‌లో నౌకాదళానికి మనుషుల్ని తీసుకుంటున్నారని విని, సముద్రం ముఖమే చూడనివాణ్ని వెళ్లి వరుసలో నిలబడ్డాను. తీసుకున్నారు. మా దిక్కు ఎటు చూసినా చెరువులే అని ఒకసారి గొప్పగా చెప్పినందుకు ఓడ మీద నాకు 'తాలాబ్' అని పేరు పెట్టారు. హిందీలో చెరువు అని అర్థం. నౌకరీ ఉన్నన్నాళ్లూ ఆ పేరు పోలేదు.

డెబ్బై ఒకటి డిసెంబరులో యుద్ధం జరిగినప్పుడు మా చిన్న ఓడ బంగాళాఖాతంలో ఉంది. మా పని ఎవరినీ కొట్టడం కాదు. దెబ్బతిని సముద్రంలో పడిన మన విమానాల పైలట్లను వెతికి పైకి తీయడం. ఒకరోజు పొద్దున కబురు అందింది. ఇద్దరు మనుషులున్న విమానం ఒకటి కూలింది, ఇద్దరూ పారాచూట్లతో దూకారు, చెరో చోట నీళ్లలో పడ్డారు.

వెతకడానికి ఒక పద్ధతి ఉంటుంది. డెక్కు మీద నిలబెట్టి ఒక్కొక్కరికి సముద్రంలో ఒక ముక్క పంచి ఇస్తారు. నీ ముక్క తప్ప ఇంకో దిక్కు చూడకూడదు. అందులో కట్టెపుల్ల తేలినా కేకవేసి చెప్పాలి. అది పుల్లా మనిషా అని తేల్చాల్సింది నువ్వు కాదు, పైన ఉన్న ఆఫీసరు. పైలట్ల జాకెట్టులో ఒక రంగు పొట్లం ఉంటుందనీ, విప్పితే చుట్టూ నీళ్లు మెరిసే ఆకుపచ్చగా మారతాయనీ చెప్పారు. విన్నాను. కంటితో ఎన్నడూ చూసింది లేదు.

ఆ పూట నేను రెండుసార్లు కేకవేశాను. మొదటిసారి అది తేలుతున్న చినిగిన చాప. రెండోసారి వట్టి నురగ. రెండుసార్లూ ఓడను తిప్పారు, రెండుసార్లూ టైం పోయింది. పక్క ముక్క చూస్తున్నవాడు "ఈసారి బర్రె కనబడిందా, తాలాబ్?" అని హిందీలో అడిగాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ లోపల భగ్గుమంది.

మరో అరగంటకు నా ముక్క చివర, చాలా దూరంలో, నీళ్ల మీద ఆకుపచ్చ మరక కనబడింది. ఎండాకాలం మా ఊరి చెరువు ఒక మూల అలాగే పచ్చబడుతుంది. నాచు అనుకున్నాను. రంగు పొట్లం సంగతి గుర్తుకు రాలేదని చెప్పను. వచ్చింది. కానీ వెంటనే ఆ నవ్వులు కూడా గుర్తుకొచ్చాయి. నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాను. ఓడ సాగిపోయింది.

గంటన్నర తర్వాత ఇంకొకరి ముక్కలో మొదటి పైలట్ దొరికాడు. పడవ దింపి వెళ్లిన వాళ్లలో నేనూ ఉన్నాను. అతని చుట్టూ నీళ్లు ఇందాకటి ఆకుపచ్చతోనే మెరుస్తున్నాయి. నేను చూసింది నాచు కాదు. చంకల కింద చేతులు వేసి అతన్ని పైకి లాగింది నేనే. అతను నా కాలరు పట్టుకుని, వెనక సీట్లో ఉన్నవాడు దొరికాడా అని అడిగాడు. వెతుకుతున్నాం సాబ్ అన్నాను.

అప్పుడైనా ఒక్క మాట చెబితే ఓడ వెనక్కి తిరిగేది. కానీ ఇందాకే ఎందుకు చెప్పలేదని అడుగుతారు. ఆ ప్రశ్నకు భయపడి చెప్పలేదు. చీకటి పడేదాకా వేరే దిక్కున వెతికాం. రెండో మనిషి దొరకలేదు. ఇందులో ఏ దయ్యం పనీ లేదు, అంతా నా పనే.

సెలవు మీద ఇంటికి వస్తే బాపు నన్ను మెట్‌పల్లి బజారంతా తిప్పాడు. కనబడినవాళ్లకల్లా "మావోడు సముద్రంలకెంచి పైలట్‌ను గుంజుకొచ్చిండు" అని చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ నేను తల వంచుకుని నిలబడ్డాను. ఎంత అణకువ అని మెచ్చుకున్నారు. పెళ్లయ్యాక నా భార్య రాజవ్వకు కూడా సగం కథే చెప్పాను. ఎనభై నాలుగులో నౌకరీ అయిపోయి ఊరికి వచ్చేసరికి ఆ సగం కథ నాకంటే పెద్దదైపోయింది.

ఇక అసలు సంగతి. ఎనభై ఆరు, ఆగస్టు పద్నాలుగు. మర్నాడు మా ఊరి బడిలో నేను జెండా ఎగరేసి, పైలట్‌ను కాపాడిన సంగతి పిల్లలకు చెప్పాలని హెడ్‌మాస్టరు అడిగి వెళ్లాడు. సరే అన్నాను. ఆ రోజు పొలం దగ్గర పని ఉంది. వానలకు బావి నిండుతోంది, మోటారు మునగకముందే బావి లోపల పైన కట్టిన అరుగు మీదికి, పైగద్దెకు, ఎక్కించాలి. మెట్‌పల్లి నుంచి చాంద్ భాయ్‌ని పిలిపించాను. మా చుట్టుపక్కల మోటార్లన్నీ అతనే చూస్తాడు. ఉత్త మాటలు చెప్పే మనిషి కాదు, అసలు మాటలే తక్కువ.

మధ్యాహ్నం పన్నెండు దాటింది. మంచి ఎండ. చాంద్ మెట్లు దిగిపోయాడు, నేను గట్టు మీద తాడు పట్టుకుని ఉన్నాను. కాసేపటికి కింది నుంచి అడిగాడు.

"పటేల్ సాబ్, గీ నీళ్లల్ల ఏమన్న మందు పోసిన్రా?"

అన్నం గిన్నె పట్టుకుని అప్పుడే వచ్చిన రాజవ్వ "మందెందుకు పోస్తం? గవే నీళ్లు తాగుతం" అంది.

వంగి చూశాను. పొద్దున ఎర్రమట్టి రంగులో ఉన్న నీళ్లు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఆకుపచ్చగా మెరుస్తున్నాయి. అదే రంగు. ఆ రంగును నేను జన్మలో రెండుసార్లు చూశాను, ఇది మూడోసారి. రాజవ్వ బొక్కెనతో చేదింది. బొక్కెనలోనూ అదే రంగు. ఎడ్ల ముందు పెడితే మూతి పెట్టలేదు.

చాంద్ పైకి వచ్చేశాడు. చేతులు మణికట్ల దాకా పచ్చగా ఉన్నాయి. నా తువ్వాలతో తుడుచుకుంటూ నా వైపు చూడకుండా చెప్పాడు.

"లోపట ఎవలో సీటీ కొడుతున్నరు."

"పిట్టలైతయి" అన్నాను.

"పిట్ట గాదు సాబ్. మనిషి సీటీనే. ఊపిరి అందనోడు ఆగి ఆగి కొట్టినట్టున్నది."

పైలట్ల జాకెట్టుకు ఒక విజిల్ కట్టి ఉంటుంది. ఆ సంగతి నేను మా ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు.

నేనే దిగాను. గద్దె మీద కూర్చున్నాను. నాకు ఏ విజిలూ వినబడలేదు. నీళ్లు కదలడం లేదు. ఎవరైనా ఉంటే తెలుగు తెలియదని, హిందీలో "ఎవరు?" అని అడిగాను. క్షమించమని అడగాలనిపించింది. మాట గొంతు దాకా వచ్చింది కూడా. కానీ పైన గట్టు మీద చాంద్, రాజవ్వ వింటున్నారు. వాళ్లు ఏమనుకుంటారో అని మళ్లీ నోరు మూసుకున్నాను. పదిహేనేళ్ల తర్వాత కూడా నేను మారలేదని అక్కడ కూర్చునే తెలుసుకున్నాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

నాలుగింటికల్లా నీళ్లు మళ్లీ మట్టిరంగుకు వచ్చాయి. బొక్కెనలో తీసిపెట్టినవి కూడా. తువ్వాల మరక రాజవ్వ సబ్బు పెట్టి ఉతికితే పోయింది. చూపించడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

చాలామంది చాలా చెప్పారు. పసుపు ఉడకబెట్టిన నీళ్లు దిగాయేమో అన్నారు. ఆగస్టులో పసుపు భూమిలోనే ఉంటుంది, ఉడకబెట్టేదెవరు? నాచు అన్నారు. నాచు పొద్దున పుట్టి సాయంత్రానికి పోదు. పురుగుల మందు అన్నారు. అలాగైతే కప్పలు చచ్చి తేలేవి, మా బావిలో ఒక్కటీ చావలేదు. చాంద్ ఆ రోజు మోటారు పని సగంలో ఆపి వెళ్లిపోయాడు. కబురు పంపితే తమ్ముణ్ని పంపాడు గానీ తను మళ్లీ మా బావి దిగలేదు. రాజవ్వ మాత్రం "నీకేమన్న ఎరుకైతే చెప్పరాదు" అని చాలాసార్లు అడిగింది. నాకేమీ తెలియదన్నాను. ఆ రంగు అక్కడికి ఎలా వచ్చిందో, అతను విన్నది ఏమిటో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు.

మర్నాటి సంగతి కూడా రాయాలి. రాయకపోతే ఇదంతా రాసి లాభం లేదు. రాత్రంతా ఆలోచించి, బడిలో నిజం చెప్పేయాలని నిశ్చయించుకున్నాను. జెండా ఎగరేశాక హెడ్‌మాస్టరు నాకు పూలదండ వేసి, సముద్రంలో ప్రాణాలు కాపాడిన మన ఊరి వీరుడు అన్నాడు. పైలట్‌ను పడవలోకి ఎలా లాగామో, రెండో పైలట్ దొరికాడా అని అతను ఎలా అడిగాడో చెప్పాను. పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. ఏమైనా అడుగుతారా అంటే ముందు వరుసలో కూర్చున్న ఒక పిల్ల లేచింది. ఏడెనిమిదేళ్లు ఉంటాయి.

"సార్, ఇంకో పైలట్ ఉండెగద. ఆయన మీకు కనవడలేదా?"

అందరూ నా వైపు చూస్తున్నారు. దండ ఇంకా మెడలోనే ఉంది.

"లేదు బిడ్డా" అన్నాను. "కనవడలే."

పిల్లలు చప్పట్లు కొట్టారు.